బిడ్డ కోసం చైనాకు: ముప్పై రెండేళ్ల దారి ఎందుకు మూసుకుపోయింది

2024 సెప్టెంబరు 5న చైనా విదేశాంగ శాఖ ప్రతినిధి మావో నింగ్ విలేకరుల సమావేశంలో ఒక ప్రశ్నకు జవాబిస్తూ, ఇకపై తమ దేశం పిల్లలను విదేశీయులకు దత్తత ఇవ్వదని చెప్పారు. దగ్గరి బంధువుల పిల్లలను, సవతి పిల్లలను తీసుకునేవారికి మాత్రమే మినహాయింపు. 1992లో చట్టబద్ధంగా తెరుచుకున్న దారి అలా మూసుకుంది. ఈ ముప్పై రెండేళ్లలో సుమారు 1,60,000 మంది పిల్లలు ఆ దారిన చైనా దాటి వెళ్లారు. వారిలో 82 వేలకు పైగా అమెరికాలోనే పెరిగారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు చాలామంది అలాంటి పిల్లలను చూసే ఉంటారు. బడిలో తమ పిల్లల పక్కన కూర్చునే అమ్మాయి ముఖం చైనాది, ఇంటిపేరు ఐరిష్‌దో జర్మన్‌దో.

వార్త వచ్చిన నాటికి అమెరికాలో వందల కుటుంబాలు మధ్యలో ఇరుక్కుని ఉన్నాయి. ఫలానా బిడ్డ మీకు అని ఖరారై, ఫొటో కూడా చేతికి వచ్చి, ఇక విమానం ఎక్కాలనుకునే వేళకు 2020లో కరోనా వచ్చింది. ప్రయాణాలు ఆగిపోయాయి. నాలుగేళ్లకు పైగా ఎదురుచూశాక చివరికి అందిన జవాబు ఇది.

దీని మీద రెండు రకాల మాటలు వినిపించాయి. అనాథలకు దొరికే అమ్మానాన్నలను దూరం చేశారని కొందరు అన్నారు. పిల్లల వ్యాపారం ఇన్నాళ్లకు ఆగిందని మరికొందరు అన్నారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అది ఎంత అన్నది తెలియాలంటే ఈ దత్తతల వెనుక ఉన్న కాగితాలను వరుసగా చూడాలి. ఆ వరుసలో మొదటిది, బిడ్డ ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసిన పత్రం. మిగతా కాగితాలన్నీ దాని మీదే నిలబడ్డాయి కాబట్టి ఈ వ్యాసం మళ్లీ మళ్లీ అక్కడికే వస్తుంది.

ఒక దత్తతలో మూడు నిర్ణయాలు

మన ఇళ్లలో దత్తత అనగానే గుర్తొచ్చేది వేరు. పిల్లలు లేని అన్నకు తమ్ముడు తన కొడుకును ఇస్తాడు. దత్తహోమం జరుగుతుంది, నలుగురి ఎదుట ఒకరు ఇస్తారు, ఒకరు పుచ్చుకుంటారు. ఆ పిల్లవాడిని కన్నదెవరో ఊరందరికీ తెలుసు, వాడికీ తెలుసు.

చైనా నుంచి జరిగిన విదేశీ దత్తతలో ఇచ్చేవారి పీట మీద కన్నవారు ఉండరు. అక్కడ ప్రభుత్వ సంక్షేమ గృహం ఉంటుంది. అందుకే ఒకే దత్తతలో మూడు వేర్వేరు నిర్ణయాలు, మూడు వేర్వేరు చేతుల్లో జరుగుతాయి. మొదటిది, ఈ బిడ్డకు కన్నవారు లేరు లేదా వారి జాడ తెలియదు, కాబట్టి దత్తత ఇవ్వవచ్చు అన్నది. దీన్ని తేల్చేది బిడ్డ దొరికిన ఊరి పోలీసులు, సంక్షేమ గృహం. రెండోది, ఇకపై ఈ దంపతులే తల్లిదండ్రులు అన్నది. దీన్ని నమోదు చేసేది ఆ రాష్ట్ర పౌర వ్యవహారాల శాఖ. మూడోది, ఈ బిడ్డ మరో దేశంలో అడుగుపెట్టి అక్కడి పౌరురాలు కావచ్చు అన్నది. అది తీసుకునే దేశం ఇచ్చే వీసా, పౌరసత్వం.

1993 నాటి హేగ్ దత్తత ఒడంబడిక ఈ మూడింటినీ ఒక క్రమంలో పెట్టింది. బిడ్డకు ముందుగా స్వదేశంలోనే ఇల్లు వెతకాలి, అది కుదరనప్పుడే విదేశం వైపు చూడాలి అన్నది దాని మూలసూత్రం. ప్రతి దేశంలో ఒక కేంద్ర సంస్థ బాధ్యత వహించాలి. భారత్‌లో ఇది 2003లో అమల్లోకి వచ్చింది, ఆ సంస్థ పేరు కారా. చైనాలో 2006 జనవరి 1 నుంచి, అమెరికాలో 2008 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అయితే తీసుకునే దేశం ఎంత జాగ్రత్తగా చూసినా, మొదటి నిర్ణయం నిజమా కాదా అన్నది ఇచ్చే దేశం మాట మీదే నమ్మాలి. ఒడంబడికలోని అసలు బలహీనత అదేనని నా అభిప్రాయం.

దస్త్రం, లాగిన్ తేదీ, ఎదురుచూపు

అమెరికా దంపతులను ఉదాహరణగా తీసుకుందాం. ముందుగా ఒక సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, దాంపత్యం, పిల్లల గదితో సహా అన్నీ చూసి గృహ పరిశీలన నివేదిక రాస్తారు. అమెరికా వలసల శాఖ ఆమోదం కావాలి. హేగ్ పద్ధతిలో దరఖాస్తు పెట్టే వ్యక్తి అమెరికా పౌరుడై ఉండాలి. హెచ్-1బి మీదనో గ్రీన్ కార్డు మీదనో ఉన్న మన దంపతులకు, ఇద్దరిలో ఒకరికైనా పౌరసత్వం వస్తే తప్ప ఈ దారి లేదు. ఆ తర్వాత పెళ్లి పత్రం, జనన పత్రాలు, పోలీసు ధ్రువపత్రం వంటివన్నీ నోటరీ చేయించి, చైనా దౌత్య కార్యాలయంలో ధ్రువీకరించి, కట్టగట్టి బీజింగ్‌కు పంపాలి. ఆ కట్టనే దస్త్రం అంటారు. అక్కడి దత్తత కేంద్రం దాన్ని తన జాబితాలోకి ఎక్కించుకున్న రోజే లాగిన్ తేదీ. వరుసలో మీ స్థానం ఆ తేదీని బట్టే ఉంటుంది.

2007 మే 1 నుంచి చైనా అర్హతలను బిగించింది. దంపతులే అర్హులు, ఒంటరివారు కాదు. వయసు 30కి, 50కి మధ్య ఉండాలి. స్థూలకాయం, మానసిక వ్యాధుల మందులు, పాత విడాకుల లెక్క కూడా చూసేవారు. ఆదాయం ఇంట్లో మనిషికి 10,000 డాలర్ల చొప్పున ఉండాలి, రాబోయే బిడ్డను కూడా కలిపి. అంటే అప్పటికే ఇద్దరు పిల్లలున్న దంపతులకు లెక్క నలుగురితో ఆగదు. ఐదుగురికి 50,000 డాలర్ల వార్షికాదాయం చూపాలి.

తర్వాత మిగిలేది ఎదురుచూపు. 2005 ప్రాంతంలో లాగిన్ తేదీ నుంచి రెఫరల్ రావడానికి నెలలు పట్టేది. రెఫరల్ అంటే బిడ్డ ఫొటో, వైద్య నివేదిక, దొరికిన వివరాలున్న పత్రం. తరువాత ఆ వరుస నెమ్మదించి, ఒక దశలో దాదాపు ఆగిపోయింది. 2006 చివర్లో లాగిన్ అయిన వారికి, ఆరోగ్యవంతమైన శిశువే కావాలనుకుంటే, ఆరేడేళ్లు పట్టింది. దరఖాస్తు నాడు భర్తకు 44, భార్యకు 42 అనుకోండి. బిడ్డను ఎత్తుకునే నాటికి ఆయనకు 51, ఆమెకు 49. మధ్యలో నివేదికలకు, వేలిముద్రలకు గడువు తీరిపోతూ ఉంటుంది, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. ఆ ఏళ్లలో ఎందరో దంపతులు ఆశ వదులుకుని వరుస నుంచి తప్పుకున్నారు.

చైనాలో రెండు వారాలు

ప్రయాణ అనుమతి వచ్చాక జరిగేదే అందరూ ఫొటోల్లో చూసిన భాగం. నడుముకు కట్టుకున్న సంచిలో మడతపడని కొత్త 100 డాలర్ల నోట్లు. సంక్షేమ గృహానికి ఇవ్వవలసిన విరాళం చాలాకాలం సుమారు 3,000 డాలర్లు ఉండేది, దాన్ని నగదుగానే తీసుకువెళ్లేవారు. ముందుగా బిడ్డ పుట్టిన రాష్ట్రపు రాజధానికి వెళ్తారు. చాంగ్షా, నాంచాంగ్, నానింగ్ వంటి నగరాల్లో పౌర వ్యవహారాల కార్యాలయపు గదిలోనో, హోటల్లోనో బిడ్డను చేతికిస్తారు.

ఆ ఘట్టం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. సంక్షేమ గృహంలో పెంచిన ఆయమ్మలు బిడ్డలను ఎత్తుకుని వరుసగా వస్తారు. చైనా భాషలో వారిని ‘ఆయి’ అని పిలుస్తారు, ఆ మాటకు పిన్ని అని అర్థం. బిడ్డ ఒంటి మీద మూడు నాలుగు పొరల బట్టలుంటాయి. పేరు పిలుస్తారు, దంపతులు ముందుకు వస్తారు, బిడ్డ చేతులు మారుతుంది. ఏడాది వయసున్న పిల్ల అప్పటిదాకా ఎరిగిన ఒకే ఒక్క ముఖం గది దాటి వెళ్లిపోతుంది. గుక్కపట్టి ఏడ్చే పిల్లలుంటారు, అసలు ఏడవకుండా బిగుసుకుపోయేవారూ ఉంటారు. ఎదురుగా వీడియో తీస్తున్న పెద్దల కళ్లలోనూ నీళ్లే. ఒకరివి సంతోషంతో వచ్చినవి, ఒకరివి భయంతో వచ్చినవి. ఆ వీడియోలను పెద్దయ్యాక చూసుకున్న పిల్లలు ఎక్కువగా మాట్లాడేది ఈ తేడా గురించే.

అప్పుడే సంతకాలు అయిపోవు. 24 గంటలు బిడ్డను దంపతుల దగ్గరే ఉంచుతారు. దీన్ని సామరస్య కాలం అనేవారు. మర్నాడు మళ్లీ వచ్చి, ఈ బిడ్డను ఎన్నటికీ విడిచిపెట్టమని, హింసించమని మాట ఇవ్వాలి. పత్రం మీద తల్లిదండ్రుల వేలిముద్రల పక్కన బిడ్డ పాదాన్నో అరచేతినో ఎర్ర సిరాలో అద్ది ముద్ర వేస్తారు. దత్తత నమోదు పత్రం చేతికి వస్తుంది. రెండో నిర్ణయం అక్కడితో పూర్తయినట్టు.

మూడోదాని కోసం అమెరికా వారందరూ క్వాంగ్‌చౌ నగరానికి వెళ్లవలసిందే, ఎందుకంటే చైనాలో దత్తత వీసాలు ఇచ్చే అమెరికా కాన్సులేట్ అదొక్కటే. అక్కడ బిడ్డకు వైద్య పరీక్ష, వీసా ఇంటర్వ్యూ, కుడిచేయి ఎత్తి ప్రమాణం. ముత్యాల నది ఒడ్డున షామియన్ దీవిలోని వైట్ స్వాన్ హోటల్ ఏళ్ల తరబడి ఈ కుటుంబాలతో నిండి ఉండేది. అక్కడి ఎర్ర సోఫా మీద పట్టు దుస్తులు తొడిగిన పిల్లలను వరుసగా కూర్చోబెట్టి ఫొటో తీయడం ఆనవాయితీ. 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం 2001 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాక, దత్తత పూర్తయి వచ్చిన బిడ్డ అమెరికా గడ్డ మీద అడుగుపెట్టగానే పౌరురాలు అవుతోంది. అంతకుముందు తల్లిదండ్రులు విడిగా దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చేది.

మొదటి కాగితంలో ఏముంటుంది

ఇంత శ్రద్ధగా, ఇన్ని ముద్రలతో సాగే పని అడుగున ఉన్న పత్రం చాలా చిన్నది. ఫలానా తేదీన, ఫలానా మార్కెట్ దగ్గర, లేదా వంతెన పక్కన, లేదా సంక్షేమ గృహం గేటు ముందు, ఇన్ని రోజుల వయసున్నట్టు కనిపించే ఆడ శిశువు దొరికింది. ఫలానా పోలీసు స్టేషన్‌కు తెలియజేశాం. కన్నవారి ఆచూకీ దొరకలేదు. అంతే. పుట్టిన తేదీ చాలాసార్లు అంచనాయే. పేరు సంక్షేమ గృహం పెట్టింది. ఇంటిపేరు ఆ ఏడాది అక్కడికి వచ్చిన పిల్లలందరికీ ఒకటే కావచ్చు, ఊరి పేరులోంచి తీసింది కావచ్చు. ‘పార్టీ’ అని అర్థమిచ్చే దాంగ్, ‘దేశం’ అని అర్థమిచ్చే గువో అన్నవి ఇంటిపేర్లుగా పెట్టిన గృహాలూ ఉన్నాయి.

కన్నవారి పేర్లు ఎందుకు లేవు? బిడ్డను వదిలేయడం చైనాలో నేరం. తల్లి పేరు చెప్పి బిడ్డను అప్పగించే దారి ఆచరణలో లేదు. పెంచలేని తల్లి ముందు మిగిలేది ఎవరికీ కనిపించకుండా పెట్టి వెళ్లడమే. మన దేశంలో బాల న్యాయ చట్టం ప్రకారం తల్లి బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు రెండు నెలల గడువుంటుంది. ఆ అప్పగింతలో ఒక పేరు, ఒక సంతకం, ఒక తేదీ మిగులుతాయి. చైనా దస్త్రాల్లో ఆ చోటు ఖాళీగా ఉంటుంది. రాసేవారు ఏది రాస్తే అదే నిజమయ్యే చోటు అది.

ఆడపిల్లలే ఎందుకు, రెండో పిల్లే ఎందుకు

ఒకే సంతానం విధానం 1979–80లో మొదలైందని, అందుకే ఆడపిల్లలను వదిలేశారని చెప్పేస్తే సగమే చెప్పినట్టు. 1984 తర్వాత చాలా రాష్ట్రాల్లో, మొదటి బిడ్డ ఆడపిల్లయితే పల్లెల్లోని దంపతులు రెండో బిడ్డను కనవచ్చని సడలించారు. ప్రభుత్వమే ఆడపిల్లను అర బిడ్డగా లెక్కగట్టినట్టయింది. దీని ఫలితం ఇలా ఉంటుంది. మొదట కొడుకు పుట్టిన ఇంట్లో కథ అక్కడితో సరి. మొదట కూతురు పుడితే ఆమెను ఉంచుకుంటారు, రెండో కాన్పుకు అనుమతి ఉంది. ఆ రెండో కాన్పులోనూ కూతురే పుడితే అనుమతి అయిపోయింది, కొడుకు మాత్రం లేడు. పొలం పనికి, ముసలితనంలో అండకు కొడుకే దిక్కని నమ్మే ఇల్లు అది. ఆ రెండో పిల్లను ఉంచుకుని మూడో కాన్పుకు వెళ్తే ఏళ్ల సంపాదనను మింగే జరిమానా. మరెక్కడైనా వదిలితే కొడుకు కోసం ఇంకో అవకాశం. అందుకే వదిలివేతకు గురైన పిల్లల్లో చాలామంది రెండో, మూడో కూతుళ్లే. తొలిసారి తల్లులైన వారు అయిష్టంతో వదిలిన పిల్లలు కారు వీరు. అప్పటికే ఒక కూతురిని పెంచుతున్న ఇళ్ల నుంచే వచ్చారు.

ఇంకో విషయం తక్కువ మందికి తెలుసు. చైనా పల్లెల్లో ఆడపిల్లను పెంచుకోవడానికి సిద్ధంగా ఉన్న ఇళ్లు లేక ఈ పిల్లలు విదేశాలకు వెళ్లారన్నది సరికాదు. ఈ విషయాన్ని ఏళ్ల తరబడి పల్లెల్లో తిరిగి పరిశీలించిన అమెరికన్ పరిశోధకురాలు కే ఆన్ జాన్సన్ దీన్ని స్పష్టంగా చూపించారు. కొడుకున్న ఇంట్లో ఒక కూతురు కూడా ఉండాలని కోరుకునేవారు చాలామంది. అయితే 1992 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన దత్తత చట్టం, అనాథలు, వికలాంగులైన పిల్లల విషయంలో తప్ప, దత్తత తీసుకునేవారికి 35 ఏళ్లు నిండి ఉండాలని, వారికి పిల్లలు ఉండకూడదని షరతు పెట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. తమ్ముడి ఇంట్లో పెంచుకున్న బిడ్డగా చూపించి రెండో సంతానాన్ని దాచే వీలు లేకుండా చేయాలి. దాంతో గుమ్మం ముందు దొరికిన పిల్లను ప్రేమగా ఎత్తుకున్న రైతు కుటుంబం చట్టం కళ్లకు తప్పు చేసినట్టయింది. 1999లో సవరణ అమల్లోకి వచ్చి వయసు 30కి తగ్గింది, సంక్షేమ గృహంలోని పిల్లల విషయంలో సంతానం ఉండకూడదన్న షరతు పోయింది. అప్పటికే వేల మంది సముద్రం దాటారు. స్వదేశంలో ఇల్లు దొరకనప్పుడే విదేశం అన్న హేగ్ సూత్రాన్ని దీనితో పోల్చి చూస్తే, ఇళ్లు లేకపోవడం వేరు, ఇళ్లను చట్టం మూసేయడం వేరు అని అర్థమవుతుంది.

30 నోట్లు చేసిన పని

3,000 డాలర్ల విరాళం ఒక అమెరికన్ కుటుంబానికి మొత్తం ఖర్చులో చిన్న భాగమే. చైనా పల్లె వైపు నుంచి లెక్క వేసి చూడండి. 2005లో డాలరుకు సుమారు 8 యువాన్ల చొప్పున అది దాదాపు 24,000 యువాన్లు. ఆ ఏడాది పల్లెల్లో మనిషి సగటు ఆదాయం 3,255 యువాన్లు. అంటే ఒక్క బిడ్డ వెళ్తే సంక్షేమ గృహానికి వచ్చేది ఒక పల్లెటూరి మనిషి ఏడేళ్ల ఆదాయానికి మించిన మొత్తం. ఆ డబ్బుతో హీటర్లు, పాలు, మందులు, ఆయమ్మల జీతాలు వచ్చిన గృహాలున్నాయి. అదే డబ్బు బిడ్డకు ఒక ధర కట్టినట్టయిన చోట్లూ ఉన్నాయి.

2005 చివర్లో హునాన్ రాష్ట్రం హెంగ్యాంగ్ ప్రాంతంలో ఈ గుట్టు బయటపడింది. క్వాంగ్‌తుంగ్ రాష్ట్రం నుంచి దళారులు రైళ్లలో, బస్సుల్లో శిశువులను తెచ్చి సంక్షేమ గృహాలకు అమ్ముతున్నారని తేలింది. 2006లో కోర్టు దళారులకు, ఒక గృహం సంచాలకుడికి శిక్షలు వేసింది. కొన్న బిడ్డ దస్త్రంలోనూ మొదటి కాగితం ఉంటుంది. ఫలానా గేటు దగ్గర దొరికింది అని అందులో ఉంటుంది. బీజింగ్‌లోని కేంద్రమైనా, క్వాంగ్‌చౌలోని కాన్సులేట్ అయినా, ఆ కాగితం చూసి అబద్ధమని పట్టుకునే మార్గం లేదు.

అంతకంటే బాధ కలిగించేది అదే హునాన్‌లో లుంగ్‌హుయి వ్యవహారం. 2011లో కైషిన్ పత్రిక దాన్ని దేశం ముందు పెట్టింది. కుటుంబ నియంత్రణ అధికారులు, జరిమానా కట్టలేని ఇళ్ల నుంచి పిల్లలను తీసుకుపోయి సంక్షేమ గృహంలో చేర్చారని, ఆ పిల్లల్లో కొందరు విదేశాలకు వెళ్లారని తల్లిదండ్రులు చెప్పారు. అధికారిక విచారణ పిల్లల అమ్మకం జరగలేదని తేల్చింది, కొందరు అధికారులపై మాత్రం చర్యలు తీసుకుంది. అక్కడి తల్లిదండ్రులు బిడ్డను వదిలేసినవారు కారు, పోగొట్టుకున్నవారు.

1,60,000 మందిలో ఎందరి కథ ఇలాంటిది? ఆ మొదటి కాగితాలే సాక్ష్యమైనప్పుడు దీనికి నమ్మదగిన అంకె ఎవరూ చెప్పలేరు. ఎక్కువమంది నిజంగానే వదిలివేతకు గురైన పిల్లలని వాదించేవారు, విధానపు ఒత్తిడిని, 90వ దశకంలో సంక్షేమ గృహాల్లో కిక్కిరిసిన శిశువులను చూపిస్తారు. అందులో నిజం ఉంది. 2000 తర్వాత శిశువులు తగ్గి, దరఖాస్తులు పెరిగి, డబ్బు అలాగే ఉన్న కాలాన్ని వేరుగా చూడాలని రెండో పక్షం అంటుంది. నాకు ఈ విభజన సరైనదనిపిస్తుంది. ఒకే మాటతో ముప్పై రెండేళ్లను తూచలేం.

తెలుగు నేల మీదా ఇదే జరిగింది

ఇది చైనాకే ప్రత్యేకం అనుకోనక్కర్లేదు. 1999లో, మళ్లీ 2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటిదే బయటపడింది. నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాల నుంచి ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని, హైదరాబాద్‌లోని దత్తత కేంద్రాల ద్వారా విదేశాలకు పంపుతున్నారని పోలీసులు, పత్రికలు వెలికితీశారు. అక్కడా పుట్టింది వరుసగా కూతుళ్లే, అక్కడా ఇంటి పేదరికాన్ని దళారి ముందే కనిపెట్టాడు, అక్కడా కాగితం మీద సంతకాలున్నాయి. తల్లి అప్పగింత పత్రం మీద వేలిముద్ర వేసింది, అందులో ఏముందో చదవలేదు. చైనాలో ఖాళీగా ఉన్న చోట ఇక్కడ వేలిముద్ర ఉంది, అంతే తేడా. అప్పటి ప్రభుత్వం శిశువుల అప్పగింతలనే నిషేధించింది. తర్వాతి చట్టాల్లో బాలల సంక్షేమ సమితి విచారణ, గడువు, ఒకే జాతీయ జాబితా అన్నీ వచ్చినది ఇలాంటి అనుభవాల నుంచే.

అంకెలు పడిపోయిన తీరు

2005లో చైనా నుంచి అమెరికాకు వచ్చిన పిల్లలు 7,900 మంది. అదే గరిష్ఠం. 2015లో 2,354. కరోనాకు ముందు ఏడాది, 2019లో, 819. 2023లో 16. నిషేధం వచ్చేనాటికి దారి దాదాపు ఎండిపోయి ఉంది.

వెళ్లే పిల్లలూ మారారు. తొలినాళ్లలో ఆరోగ్యంగా ఉన్న ఆడశిశువులు. చివరి దశకంలో గ్రహణమొర్రి, గుండె జబ్బు, వెన్ను లోపం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, ఐదారేళ్లు దాటినవారు. మగపిల్లలూ పెద్ద సంఖ్యలో ఉన్నారు. పల్లెల ఆదాయం పెరిగింది, స్కానింగ్ యంత్రం గర్భంలోనే ఆడపిల్లను తప్పించింది, స్వదేశీ దత్తతలు పెరిగాయి. 2016లో ఇద్దరు పిల్లల విధానం, 2021లో ముగ్గురి విధానం వచ్చాయి. 2016లో సుమారు 1.8 కోట్ల జననాలు జరిగిన దేశంలో 2023లో జరిగినవి 90.2 లక్షలు. పిల్లలు ఎక్కువయ్యారని భయపడిన ప్రభుత్వం ఇప్పుడు తక్కువయ్యారని భయపడుతోంది.

మినహాయింపు ఎవరికి వర్తిస్తుంది

2024 ప్రకటనలోని మినహాయింపు మాటలు గజిబిజిగా ఉన్నాయి: ‘మూడు తరాల లోపు సమాన వరుస రక్తసంబంధీకుల పిల్లలు’. మన చుట్టరికాలతో చెప్తే తేలిక. మీ నుంచి పైకి లెక్కపెట్టండి: మీరు ఒక తరం, అమ్మానాన్నలు రెండు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు మూడు. అదే తాతకు మనవలైన మీ వరుసవారంతా, అంటే మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పిన్ని, పెద్దమ్మల పిల్లలు, ఈ గీతలోపల ఉన్నారు. వారి పిల్లలను దత్తత తీసుకోవచ్చు. కెనడా పౌరసత్వం తీసుకున్న చైనా మహిళ ఊళ్లో ఉన్న తన తమ్ముడి కూతురిని, మేనమామ కొడుకు పిల్లవాడిని ఈ దారిలో తెచ్చుకోవడానికి వీలుంది. తాత అన్నగారి మనవడి పిల్లవాడైతే, కలిసే పెద్ద నాలుగో తరంలో ఉన్నాడు కాబట్టి కుదరదు. రక్తసంబంధం లేని స్నేహితుల బిడ్డకు, సంక్షేమ గృహంలోని బిడ్డకు ప్రసక్తే లేదు.

ఆగడం మంచిదేనా

చైనా మాత్రమే కాదు, తీసుకునే దేశాలూ వెనక్కి తగ్గుతున్నాయి. 2021లో నెదర్లాండ్స్ ప్రభుత్వ సంఘం పాత విదేశీ దత్తతల్లో తీవ్రమైన అక్రమాలున్నాయని తేల్చాక అక్కడ తాత్కాలికంగా ఆపేశారు. 2024 జనవరిలో డెన్మార్క్‌లోని ఒకే ఒక్క విదేశీ దత్తత సంస్థ తన పని మానేసింది. అమెరికాకు వచ్చే మొత్తం విదేశీ దత్తతలు 2004లో దాదాపు 23,000 ఉంటే 2023లో 1,275.

నిషేధాన్ని సమర్థించేవారి వాదన సూటిగా ఉంది. డబ్బు, దూరం, అబద్ధపు కాగితం కలిసే చోటును సరిచేయడం కంటే మూసేయడం సురక్షితం. బిడ్డకు సొంత భాష, సొంత ముఖాల మధ్య పెరిగే హక్కుంది. చైనా ఇప్పుడు తన పిల్లలను తానే చూసుకోగల దేశం.

వ్యతిరేకించేవారు చూపించేది మరో గది. చివరి ఏళ్లలో వెళ్తున్నది ఎవరో గుర్తుచేసుకోండి అంటారు. స్వదేశంలో దత్తతకు వచ్చే దంపతులు ఎక్కువగా కోరేది ఆరోగ్యంగా ఉన్న శిశువునే. శస్త్రచికిత్సలు అవసరమైన పదేళ్ల పిల్లవాడికి ఆ వరుసలో చోటు దొరకడం కష్టం. పైగా అమెరికా హేగ్ నియమం ప్రకారం బిడ్డకు 16 ఏళ్లు నిండకముందే దరఖాస్తు పడాలి. ఖరారైన కుటుంబాలకైనా దారి ఇచ్చి ఆ తర్వాత మూసి ఉండవలసిందని వారి మాట. ఈ విషయంలో నేను వారి పక్షమే. విధానం తప్పని తేల్చడం వేరు, మీ అమ్మానాన్నలు వస్తున్నారని ఫొటోలు చూపించిన పిల్లవాడికి ఇక రారని చెప్పడం వేరు. ఆ పిల్లవాడి మొదటి కాగితం నిజమో కాదో తేల్చే విచారణకు నాలుగేళ్ల వ్యవధి చాలినంత ఉంది.

పెద్దవాళ్లైన పిల్లలు తిరిగి వెళ్లినప్పుడు

మొదట వెళ్లిన పిల్లలకు ఇప్పుడు ముప్పై దాటుతున్నాయి. నిషేధం వార్తకు వారి స్పందన ఒకలా లేదు. ఊపిరి పీల్చుకున్నవారున్నారు, పుట్టిన దేశంతో చివరి దారం తెగినట్టు బాధపడినవారూ ఉన్నారు. ఒకే మనిషిలో రెండూ ఉండడం అరుదేమీ కాదు. అందరినీ కలిపే ఆందోళన ఒకటి ఉంది. దత్తత ఆగాక, పాత దస్త్రాలు చూపించే కిటికీ కూడా మూసేస్తారా అన్నది.

వెతుకుతూ వెళ్లినవారు మొదట చేరేది కాగితంలో రాసిన చోటికే. చిన్ననాటి ఫొటో, దొరికిన తేదీ, ఒంటి మీద పుట్టుమచ్చ వివరాలతో చైనా భాషలో అచ్చేయించిన పోస్టరు ఆ గోడకు అంటిస్తారు. కొన్ని ఊళ్లలో అదే గేటు పేరు అనేక మంది దస్త్రాల్లో ఉందని అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. డీఎన్ఏ పరీక్షల వల్ల కొందరికి కన్నవారు దొరికారు. బిడ్డను గేటు దగ్గర పెట్టలేదని, బంధువుకో మంత్రసానికో ఇచ్చామని, ఊళ్లోనే ఎవరింట్లోనో పెరుగుతోందని ఇన్నేళ్లూ అనుకున్నామని ఆ తల్లులు చెప్పిన సందర్భాలున్నాయి.

బిడ్డను వదిలే తల్లి పొత్తిళ్ల మడతలో ఒక ఎర్ర కాగితం పెట్టడం చాలాచోట్ల ఆచారం. చాంద్రమాన లెక్కలో పుట్టిన నెల, రోజు, ఘడియ రాసి ఉంటుంది. ప్రభుత్వం రాసిన మొదటి కాగితం కంటే ముందు రాసినది అది. సంక్షేమ గృహం తలుపు తట్టిన అమ్మాయిలను, అబ్బాయిలను లోపల కూర్చోబెట్టి దస్త్రం తెరిచినప్పుడు, దుబాసీ చేత వారు మొదట అడిగించే ప్రశ్న ఒకటే: ఆ ఎర్ర కాగితం ఇందులో ఉందా?